ఈమెయిల్ ఫ్యాక్స్: ‘సెంట్’ అని చూపించినా అవతల కాగితం ఎందుకు రావట్లేదు?

మీరు అడిగింది ఇదీ. నరసాపురంలో మీ పిన్నిగారి లేసు ఎగుమతి ఆఫీసుకి రాగి ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ వేశారు. జపాన్ కొనుగోలుదారు మాత్రం డిజైన్ మార్పులు ఇప్పటికీ ఫ్యాక్స్‌లోనే కావాలంటున్నాడు. ఈమెయిల్‌తో ఫ్యాక్స్ పంపే సర్వీసు ఒకటి తీసుకున్నారు. అది ‘సెంట్’ అని చెబుతోంది, అవతలివాళ్లు రాలేదంటున్నారు. వచ్చిన రోజున లేసు బొమ్మ అంతా నల్లగా అలుక్కుపోయి ఉంటోంది. ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం అంటూ ఉందా, లేక ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తున్నారా? సొంతంగా గేట్‌వే (ఈమెయిల్‌ని ఫ్యాక్స్‌గా మార్చి ఫోన్ లైన్ మీద పంపే కంప్యూటర్) పెట్టుకుంటే ఏది పాటించాలి?

ప్రమాణం ఉందండి. ఒక్కటి కాదు, ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ వాళ్లు 1998 నుంచి 2005 దాకా దీని మీద ఇరవైకి పైగా ఆర్‌ఎఫ్‌సీలు, అంటే ప్రమాణ పత్రాలు, రాశారు. మీ సర్వీసు వాటిలో మొదటి సగం వాడుకుని రెండో సగం వదిలేసినట్టుంది. ఆ రెండో సగం దాదాపు అంతా మీరు అడుగుతున్న ఆ ఒక్క ‘సెంట్’ గురించే. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని మొదలుపెట్టి, తర్వాత చాలా ఏళ్లు ఫ్యాక్స్ సర్వర్లు, గేట్‌వేలు నడిపినవాణ్ణి. నన్నడిగితే ఈ ప్రమాణాల్లో బొమ్మని ఈమెయిల్‌లో పెట్టడం చిన్న పని. రసీదు ఇవ్వడమే అసలు పని. అందుకే ముందు ఫోన్ లైన్ మీద ఫ్యాక్స్ మెషిన్ రసీదు ఎలా సంపాదిస్తుందో చెప్పి, తర్వాత ఈమెయిల్ దగ్గరికి వస్తాను.

ఫోన్ లైన్ మీద నడిచే మామూలు ఫ్యాక్స్‌లో (దీన్ని గ్రూప్ 3 అంటారు) ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికాం సంస్థ, పెట్టిన రెండు ప్రమాణాలు ఉంటాయి. పేజీని చుక్కలుగా మార్చి కుదించే పద్ధతి టీ.4లో ఉంటుంది. రెండు మెషిన్లు మాట్లాడుకునే పద్ధతి టీ.30లో ఉంటుంది. పంపే మెషిన్ డయల్ చేసి 1100 హెర్ట్జ్ కూత వేస్తుంది. తీసుకునే మెషిన్ 2100 హెర్ట్జ్ కూతతో పలుకుతుంది. ఆ వెంటనే సెకనుకు 300 బిట్ల నెమ్మది వేగంలో తన జాతకం చెప్పేస్తుంది: ఇంత వేగం తట్టుకోగలను, ఇంత వెడల్పు కాగితం ఉంది, ఫలానా రకం కుదింపు అర్థమవుతుంది అని. పంపే మెషిన్ అందులోంచి తనకు వీలైనవి ఎంచుకుని, ‘ఇలా పంపుతున్నా’ అని చెప్పి, ఒకటిన్నర సెకను పాటు లైనుని పరీక్షిస్తుంది. పరీక్షలో బిట్లు చెడిపోతే వేగం ఒక మెట్టు దిగుతుంది: 14400 నుంచి 12000, 9600, 7200, 4800, మరీ అధ్వాన్నమైతే 2400. మన డెల్టాలో వానాకాలం వస్తే ఫ్యాక్స్ నెమ్మదించడానికి కారణం ఇదే. కేబుల్ జాయింట్లలోకి నీళ్లు చేరితే లైన్లో గరగర వస్తుంది, గరగర వస్తే మెషిన్ మెట్లు దిగుతుంది. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు ‘మెషిన్ ముసలిదైపోయిందండి’ అని రిపేరుకి తెచ్చేవారు. మెషిన్ బాగానే ఉండేది, జాయింట్ విప్పి ఆరబెడితే సరిపోయేది.

పేజీ అయ్యాక పంపే మెషిన్ ‘అయిపోయింది’ అంటుంది. అవతలి మెషిన్ వచ్చిన గీతలన్నీ చూసుకుని, బాగుంటే ఎమ్‌సీఎఫ్ అనే చిన్న సంకేతం పంపుతుంది. మీ పిన్నిగారు ఇన్నేళ్లూ ఫైల్లో దాచుకున్న ఆ ‘ఓకే’ స్లిప్ ఈ ఎమ్‌సీఎఫ్‌కి అచ్చు రూపమే. ఫోన్ ఇంకా పెట్టేయకముందే, అవతలి మెషిన్ స్వయంగా చెప్పిన మాట అది. మనిషి చదివాడని దానర్థం కాదు, కాగితం మీద అచ్చయిందని కూడా కాదు, మెమరీలోకి చేరి ఉండొచ్చు. అయినా బ్యాంకులు, కోర్టులు, ఓడల ఏజెంట్లు, రొయ్యల కొనుగోలుదారులు అందరూ ఆ స్లిప్‌ని నమ్మారు. థర్మల్ కాగితం కొన్నేళ్లకి తెల్లబడిపోతుందని తెలిసి జిరాక్స్ తీయించి మరీ దాచేవారు.

ఇప్పుడు ఈమెయిల్. మెయిల్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి చేరవేసే పద్ధతి ఎస్‌ఎమ్‌టీపీ. అది పుట్టింది 1982లో. పోస్టులో మామూలు ఉత్తరం వేస్తే ఎలాగో ఇదీ అలాగే: మీ సర్వర్ పక్క సర్వర్‌కి ఇస్తుంది, అది ఇంకో దానికి ఇస్తుంది, అక్కడితో మీ సర్వర్ బాధ్యత తీరిపోతుంది. అవతలి సర్వర్ పలకకపోతే వెంటనే ఓటమి ఒప్పుకోదు కూడా. కనీసం 4-5 రోజులు ప్రయత్నిస్తూ ఉండమని పాత నియమం. ఈమెయిల్‌కి అది మంచి గుణం. ఫ్యాక్స్ పంపిన మనిషికి మాత్రం ఐదో రోజున ‘వెళ్లలేదు’ అని తెలియడం వల్ల ఏం లాభం? కంటైనర్ అప్పటికే ఎక్కేసి ఉంటుంది.

మరి ఇంత పొసగని రెండింటినీ ఎందుకు కలపాలనుకున్నారంటే, డబ్బు. అప్పట్లో దేశం దాటిన ప్రతి నిమిషానికీ లెక్క. రాత్రి బాగా పొద్దుపోయాక ఎస్టీడీ పావు రేటు అని మన ఊళ్లలో పీసీఓల ముందు జనం బారులు తీరిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇంటర్నెట్‌లో దూరానికి వేరే రేటు లేదు. కాబట్టి ఫ్యాక్స్‌ని ఇక్కడ ఈమెయిల్ చేసి, అవతలి ఊళ్లో మళ్లీ ఫ్యాక్స్ చేసి లోకల్ కాల్‌తో పని కానిద్దాం అన్న ఆలోచన 1990ల మొదట్లోనే వచ్చింది. కార్ల్ మలముద్, మార్షల్ రోజ్ అనే ఇద్దరు 1993లో టీపీసీ డాట్ ఇంట్ పేరుతో ఒక ప్రయోగం నడిపారు. ఫోన్ నంబర్ అంకెల్ని తిరగేసి డొమైన్ పేరుగా మార్చి, ఆ ప్రాంతానికి సాయం చేయడానికి ముందుకొచ్చిన వాళ్ల కంప్యూటర్‌కి మెయిల్ వెళ్లేట్టు చేశారు. ఆ కంప్యూటర్ తన లోకల్ లైన్ మీద ఫ్యాక్స్ కొట్టేది. లోకల్ కాల్ ఉచితమైన చోట ఇది ధర్మకార్యంగా నడుస్తుంది. అప్పట్లో లోకల్ కాల్‌కి కూడా మీటర్ తిరిగిన మనలాంటి చోట ఎవరి జేబులోంచి నడవాలి?

తర్వాత ఐఈటీఎఫ్‌లో ఫ్యాక్స్ కోసమే ఒక వర్కింగ్ గ్రూప్ ఏర్పడింది. అందులో రెండు రకాల మనుషులు. ఒకవైపు ఈమెయిల్ వాళ్లు: ఉన్న మెయిల్ సర్వర్లని ముట్టుకోకుండా పని జరగాలి అంటారు. ఇంకోవైపు ఫ్యాక్స్ మెషిన్లు తయారుచేసే కంపెనీల వాళ్లు, ఎక్కువగా జపాన్ నుంచి: పెట్టెలో చిన్న ప్రాసెసర్, కొద్ది మెమరీ ఉంటాయి, మీ కంప్యూటర్‌లో చేసినవన్నీ మేం అందులో చేయలేం అంటారు. పైగా ఫ్యాక్స్ అనేది ఐటీయూ సొత్తు. అక్కడ దేశాల ప్రతినిధులు కూర్చుని సిఫార్సులు ఆమోదిస్తారు, అప్పట్లో ఆ పత్రాలు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఐఈటీఎఫ్‌లో ఓటింగే లేదు. ‘స్థూలంగా ఏకాభిప్రాయం, నడిచే కోడ్’ అన్నది వాళ్ల పద్ధతి, పత్రాలన్నీ ఉచితం. ఈ రెండు సంస్థలూ ఒకదాన్నొకటి ఒప్పుకోవడమే నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. 1998 మార్చిలో ఐఈటీఎఫ్ ఆర్‌ఎఫ్‌సీ 2305ని, దాని తోటి పత్రాలని విడుదల చేసింది. అదే ఏడాది జూన్‌లో ఐటీయూ వాటినే ఆధారంగా తీసుకుని టీ.37 సిఫార్సు ఆమోదించింది. మీ పిన్నిగారి బయ్యర్ ఆఫీసు మెషిన్ మెనూలో ‘ఇంటర్నెట్ ఫ్యాక్స్’ అని కనిపిస్తే అది ఈ వంశమే.

ఆర్‌ఎఫ్‌సీ 2305ని సింపుల్ మోడ్ అంటారు. పేరుకి తగ్గట్టే చాలా తక్కువ అడుగుతుంది. పేజీలన్నీ ఒకే టిఫ్ (ఒక రకం బొమ్మ ఫైల్) ఫైల్లో పెట్టు, దాన్ని మామూలు ఈమెయిల్‌కి అటాచ్‌మెంట్‌గా తగిలించు, ఎస్‌ఎమ్‌టీపీతో పంపు. అవతలివాడి సామర్థ్యం తెలియకపోతే అతి తక్కువ స్థాయి టిఫ్ మాత్రమే పంపు. అంతే. విజయం రసీదు లేదు, సామర్థ్యాల సంప్రదింపు లేదు. తెలిసే వదిలేశారు. అన్నీ కుదిరేదాకా ఆగితే ప్రతి కంపెనీ తన సొంత పద్ధతితో మార్కెట్‌లోకి వచ్చేసేది. నా లెక్కలో ఇది సరైన నిర్ణయమే. చిక్కల్లా చాలా సర్వీసులు ఈ మొదటి మెట్టు దగ్గరే కూర్చుండిపోవడం.

రెండో మెట్టు ఆర్‌ఎఫ్‌సీ 2532, 1999 మార్చి, ఎక్స్‌టెండెడ్ మోడ్. మీ కష్టానికి మందు ఉన్నది ఇందులోనే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఈమెయిల్ లోకంలో రసీదులు రెండు రకాలు. ఒకటి డీఎస్‌ఎన్: ఇది మెయిల్ సర్వర్లు ఇచ్చేది, రిజిస్టర్డ్ పోస్టు అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు లాంటిది. రెండోది ఎమ్‌డీఎన్: ఉత్తరం అందుకున్న మనిషి తరఫున అతని మెయిల్ ప్రోగ్రామ్ ఇచ్చేది. డీఎస్‌ఎన్‌లో ఐదు మాటలే ఉంటాయి: ఫెయిల్డ్, డిలేడ్, డెలివర్డ్, రిలేడ్, ఎక్స్‌పాండెడ్. వీటిలో ‘రిలేడ్’ అనే మాట దగ్గరే చాలామంది బోర్లా పడతారు. దానర్థం ‘రసీదు భాష తెలియని సర్వర్‌కి అప్పగించాను, ఇక నాకు తెలియదు’ అని. చేరిందని కాదు. మీ సర్వీసు వెబ్ పేజీలో ‘రిలేడ్’నీ ‘డెలివర్డ్’నీ కలిపి ‘సెంట్’ అని ఆకుపచ్చ టిక్కు పెట్టేసి ఉండొచ్చు. ఇలాంటి టిక్కులు నేను చూశాను. ఒక సర్వీసులో అయితే ఫైల్ తమ క్యూలోకి రాగానే టిక్కు పడేది, డయల్ చేయడం సంగతి తర్వాత.

‘డెలివర్డ్’ అయినా ఎక్కడికి అని అడగాలి. అవతల ఉన్నది మెయిల్‌బాక్స్ అయితే మెయిల్‌బాక్స్‌లో పడిందని అర్థం. అవతల ఉన్నది ఫోన్ లైన్ మీద ఫ్యాక్స్ కొట్టే గేట్‌వే అయితే, దీన్ని ఆఫ్‌ర్యాంప్ అంటారు, అప్పుడు నిజాయితీ గల గేట్‌వే ఏం చేయాలి? ఫోన్ చేసి, పేజీలన్నీ పంపి, చివరి పేజీకి ఎమ్‌సీఎఫ్ వచ్చాకే ‘డెలివర్డ్’ రాయాలి. బిజీ వస్తే మళ్లీ ప్రయత్నించాలి, చివరికి కుదరకపోతే ‘ఫెయిల్డ్’ రాసి, ఎన్నో పేజీ దగ్గర ఎందుకు ఆగిందో చెప్పాలి. మెయిల్ అందుకున్న క్షణంలోనే డెలివర్డ్ రాసే గేట్‌వే రసీదు పుస్తకం ముందే సంతకాలు పెట్టి కూర్చున్నట్టే. మీ సర్వీసు వాళ్లని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: మీ ‘సెంట్’ ఏ క్షణంలో పడుతుంది? మెయిల్ అందినప్పుడా, చివరి పేజీ ఎమ్‌సీఎఫ్ తర్వాతా?

ఎమ్‌డీఎన్ సంగతి వేరే. అది ఇవ్వాలా వద్దా అన్నది అందుకున్నవాడి ఇష్టం. వ్యక్తిగత గోప్యత కోసం అలా పెట్టారు, నేను తప్పుపట్టను. కానీ దాన్ని వ్యాపార రసీదుగా లెక్క వేసుకోకూడదు. రాకపోతే చదవలేదని అర్థం కాదు. ఇంకో ఇబ్బంది, ఈ రోజుల్లో చాలా పెద్ద మెయిల్ సర్వీసులు విజయం తెలిపే డీఎస్‌ఎన్‌ని అసలు పంపవు. ప్రమాణం కాగితం మీద ఎంత బాగున్నా దారి మధ్యలో ఒక్క సర్వర్ దాన్ని పట్టించుకోకపోతే గొలుసు అక్కడ తెగుతుంది. ఆలస్యం గురించి కూడా ఒక మందు ఉంది: 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2852 ప్రకారం ‘ఇన్ని సెకన్లలో చేర్చు, లేకపోతే వెంటనే తిప్పి పంపు’ అని ఎస్‌ఎమ్‌టీపీకి గడువు పెట్టొచ్చు. బయట వాడుకలో ఇది అరుదు. మీ సొంత రెండు సర్వర్ల మధ్య అయితే భేషుగ్గా వాడుకోవచ్చు.

ఇక బొమ్మ. నాకు ఇష్టమైన భాగం, మీ లేసు వల్ల ఇంకా ఇష్టంగా ఉంది. ఏ4 పేజీ అడ్డంగా ఒక గీతకి 1728 చుక్కలు. నిలువునా స్టాండర్డ్ రిజల్యూషన్‌లో మిల్లీమీటరుకి 3.85 గీతలు, ఫైన్‌లో 7.7. అంటే స్టాండర్డ్‌లో ఒక పేజీకి 1143 గీతలు, దాదాపు 20 లక్షల చుక్కలు. వీటిని కుదించకుండా 9600 వేగంతో పంపితే పేజీకి మూడు నిమిషాలు దాటిపోతుంది. అందుకే టీ.4 ఒక చక్కని ఉపాయం చేసింది: చుక్కలు పంపదు, ‘తెలుపు ఇన్ని, నలుపు ఇన్ని’ అని పొడవులు పంపుతుంది, తరచుగా వచ్చే పొడవులకి చిన్న కోడ్ పెడుతుంది. పూర్తిగా తెల్లగా ఉన్న 1728 చుక్కల గీతకి 17 బిట్లు చాలు. టైపు చేసిన ఉత్తరంలో సగానికి పైగా తెలుపే కాబట్టి పేజీ అర నిమిషంలో వెళ్లిపోతుంది.

లేసు బొమ్మ దీనికి సరిగ్గా తలకిందులు. క్రోషే అల్లికలో కన్నం, దారం, కన్నం, దారం. స్కానర్ దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చినప్పుడు ఒక్కో చుక్కకీ రంగు మారిపోతూ ఉంటుంది. ఒకే ఒక్క తెల్ల చుక్కకి టీ.4 కోడ్ 000111, ఆరు బిట్లు. ఒకే ఒక్క నల్ల చుక్కకి 010, మూడు బిట్లు. రెండు చుక్కల సంగతి చెప్పడానికి తొమ్మిది బిట్లు. కుదింపు కాస్తా ఉబ్బింపు అయిపోయింది! పేజీ కుదించుకుపోక, పంపాల్సిన బిట్లు పెరిగి, అవతలి పాత మెషిన్ మెమరీ నిండి, మధ్యలో ఆగిపోయే అవకాశం ఉంది. ‘సెంట్’ అని వచ్చి చేరనివాటిలో డిజైన్ పేజీలే ఎక్కువా, ఉత్తరాలు ఎక్కువా అని ఒకసారి లెక్క చూడండి. డిజైన్ పేజీలే అయితే అనుమానించవలసింది దీన్ని.

ఈమెయిల్ ప్రమాణంలో ఈ బొమ్మ ఏ రూపంలో ఉండాలో ఆర్‌ఎఫ్‌సీ 2301 చెప్పింది, 2005లో దాని బదులు 3949 వచ్చింది. టిఫ్ ఫైల్లోనే ఆరు ప్రొఫైళ్లు: ఎస్, ఎఫ్, జే, సీ, ఎల్, ఎమ్. ఎస్ అంటే కనీస స్థాయి, పైన చెప్పిన ఆ సాదా కుదింపు మాత్రమే, ప్రతి ఇంటర్నెట్ ఫ్యాక్స్ పరికరానికీ ఇది తెలిసి తీరాలి. ఎఫ్‌లో ఇంకా బలమైన కుదింపులు ఉంటాయి. జే అంటే జేబిగ్, చుక్కలు చుక్కలుగా ఉండే బొమ్మలకి చాలా మేలు. మిగతా మూడూ రంగులకి. టిఫ్ పేరు, దాని హక్కులు ఒక కంపెనీవి కాబట్టి, ఫ్యాక్స్ వాళ్లు పెంచుకుంటూ పోయిన కొత్త ప్రొఫైళ్లని మామూలు టిఫ్ అని పిలవడం దగ్గర పేచీ వచ్చి, చివరికి టిఫ్-ఎఫ్‌ఎక్స్ అని వేరే పేరుతో నమోదు చేశారు. ఎస్, ఎఫ్ మాత్రం పాత టిఫ్ పేరుతోనే వెళ్లొచ్చు. సాధారణ టిఫ్ చూపించే ప్రోగ్రాములతో మీరు తెరవగలిగేవి ఎక్కువగా ఈ రెండే.

మీ డిజైన్లకి నా సలహా: లేసు ఫొటోని ఫ్యాక్స్‌లో పంపడం మానేయండి. అల్లిక గ్రాఫ్‌ని గళ్ల కాగితం మీద లావు గీతలతో గీయించి, ఫైన్ రిజల్యూషన్‌లో, గ్రే షేడ్ లేకుండా స్కాన్ చేయండి. ఫొటో కావాలంటే అది ఈమెయిల్‌లో వేరేగా వెళ్లాలి. మీ సర్వీసు పీడీఎఫ్ తీసుకుంటుందంటే లోపల అది నలుపు తెలుపుల్లోకి మారుస్తోందన్నమాట. ఆ మార్పిడి వాళ్ల చేతిలో వదిలేయకుండా 204 బై 196 రిజల్యూషన్‌లో నలుపు తెలుపు టిఫ్ మీరే తయారుచేసి పంపితే, అవతల ఏం కనిపిస్తుందో మీకు ముందే కనిపిస్తుంది. అలుకుడు సమస్య ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతుంది.

అసలు ఫ్యాక్స్ మెషిన్లు మొదట్లోనే జాతకాలు చెప్పుకుంటాయి కదా, ఈమెయిల్‌లో అది ఎలా అని మీకు సందేహం రావాలి. 1999 పద్ధతిలో అవతలి పరికరం తన రసీదులోనే ‘నాకు జేబిగ్ తెలుసు, రంగులు తెలుసు’ అని రాసి పంపుతుంది, పంపేవాడు దాన్ని గుర్తుపెట్టుకుని రెండోసారి నుంచి మంచి రూపంలో పంపుతాడు. 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3297 వచ్చి, సాదా రూపం పంపుతూనే ‘దీనికన్నా మంచిది నా దగ్గర ఉంది, కావాలా’ అని అడిగే వీలు ఇచ్చింది. 2005 నవంబర్‌లో ఫుల్ మోడ్ పేరుతో ఆర్‌ఎఫ్‌సీ 4142 దీన్నంతా ఒకచోట చేర్చింది. చక్కని పని, కానీ అప్పటికే జనం ఈమెయిల్‌లో పీడీఎఫ్ పంపుకోవడానికి అలవాటు పడిపోయారు. మీరు దాని జోలికి పోనక్కర్లేదు.

అడ్రస్ గురించి రెండు మాటలు చెప్పకపోతే లాభం లేదు, ఎందుకంటే మన జిల్లాల నంబర్లు ఇక్కడే తప్పుతాయి. ఆర్‌ఎఫ్‌సీ 3192 ప్రకారం ఈమెయిల్ అడ్రస్‌లో @ గుర్తుకి ఎడమవైపు ‘ఫ్యాక్స్’ అనే మాట ఇంగ్లిష్‌లో, సమానం గుర్తు, ప్లస్ గుర్తు, దేశం కోడ్, ఆపైన నంబర్. కుడివైపు గేట్‌వే డొమైన్. ప్లస్ తప్పనిసరి, నంబర్ ప్రపంచంలో ఎక్కడి నుంచి చూసినా ఒకటే అయి ఉండాలి. నరసాపురం ఎస్టీడీ కోడ్ 08814 అని మనకి కంఠతా కదా, కానీ అక్కడ ముందున్న సున్నా నంబర్‌లో భాగం కాదు, దేశం లోపల డయల్ చేయడానికి వాడేది. కాబట్టి +91 తర్వాత 8814తో మొదలవ్వాలి. రాజమండ్రి 0883 అయితే 883, భీమవరం 08816 అయితే 8816. జపాన్ నంబర్లకీ ఇదే సూత్రం, వాళ్ల లెటర్‌హెడ్ మీద 03 అని ఉంటే +81 తర్వాత 3. సున్నా ఉంచేస్తే కొన్ని గేట్‌వేలు సర్దుకుంటాయి, కొన్ని రాంగ్ నంబర్‌కి కొట్టి బిల్లు వేస్తాయి. మధ్యలో ఖాళీ వదలకండి, విడదీయాలంటే చుక్క గానీ గీత గానీ వాడొచ్చు.

ఈమెయిల్ వదిలేసి, మీ పాత మెషిన్‌నే ఫైబర్ బాక్స్ వెనక ఫోన్ సాకెట్‌కి తగిలిస్తే సరిపోదా అనుకుంటారు. సరిపోవచ్చు. ఆ సాకెట్ మీ కూతల్ని మాటలుగా భావించి ప్యాకెట్లుగా కోస్తుంది. మాటలకి వాడే గట్టి కుదింపు, ఉదాహరణకి జీ.729, మోడెమ్ కూతని చెడగొట్టేస్తుంది. జీ.711 అయితే చాలాసార్లు బతికి బయటపడుతుంది. అసలైన మందు టీ.38, ఇది కూడా 1998దే. కూతని కూతగా మోయకుండా, గేట్‌వే దాన్ని అక్కడికక్కడే విప్పి లోపలి బిట్లని మాత్రమే ప్యాకెట్లలో పెట్టి, పోయినా నష్టం లేకుండా వెనకటి ప్యాకెట్ నకలుని కూడా జత చేసి పంపుతుంది. రెండు మెషిన్లూ లైన్ మీదే ఉంటాయి కాబట్టి ఎమ్‌సీఎఫ్ నేరుగా వస్తుంది, ‘ఓకే’ స్లిప్ నిజమైన స్లిప్పే. మీ ఇంటర్నెట్ కంపెనీని ‘టీ.38 ఇస్తారా’ అని అడగండి. కస్టమర్ కేర్‌లో మొదట ఫోన్ ఎత్తినవాళ్లకి ఆ పేరు తెలియకపోవచ్చు, పైవాళ్లకి కలపమనండి. ఇవ్వకపోతే మెషిన్ సెట్టింగ్‌లో వేగం 9600కి తగ్గించి చూడండి. ఎర్రర్ కరెక్షన్ తీసేయమని కొందరు చెబుతారు. తీసేస్తే కాల్ తెగడం తగ్గుతుంది, అయితే చెడిన గీతలు అలాగే అచ్చవుతాయి. ఉత్తరాలకైతే సరే, మీ గ్రాఫులకి నేను ఒప్పుకోను, ఒక గడి తప్పితే అల్లిక తప్పుతుంది.

సొంత గేట్‌వే. సాఫ్ట్‌వేర్ ఉచితంగానే ఉంది. హైలాఫ్యాక్స్ ఎన్నో ఏళ్లుగా నలిగిన సరుకు. దాన్ని మొదలుపెట్టిన శామ్ లెఫ్లరే టిఫ్ ఫైళ్ల లైబ్రరీ లిబ్‌టిఫ్ కూడా రాశాడు, అందుకే అందులో బొమ్మల వ్యవహారం అంత గట్టిగా ఉంటుంది. మోడెమ్ లేకుండా టీ.38తో నడపాలంటే ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌తో కలిపి పెట్టుకోవచ్చు. మీ ప్రొవైడర్ ఒప్పందంలో గేట్‌వే పెట్టుకోవడానికి అనుమతి ఉందో లేదో ముందు చదవండి. ప్రమాణాల్లో సింపుల్ మోడ్, ఎస్ ప్రొఫైల్, 3192 అడ్రస్, 2532లోని డీఎస్‌ఎన్ భాగం, ఈ నాలుగూ చేస్తే మీ ఆఫీసుకి చాలు. గేట్‌వేలు ఏం చేయాలో విడిగా చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 4160, 4161 చిన్న పత్రాలు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతాయి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా. ఎవరి మెయిల్ వచ్చినా ఫ్యాక్స్ కొట్టేలా దాన్ని బయటికి తెరిచి పెట్టకండి. ఈమెయిల్‌లో ‘ఫ్రమ్’ అడ్రస్‌ని ఎవరైనా రాసుకోవచ్చు, దాన్ని చూసి అనుమతి ఇస్తే రాత్రికి రాత్రి ఎవరో మీ లైన్ మీద ఖరీదైన విదేశీ నంబర్లకి వందల కాల్స్ చేసి పోతారు, బిల్లు పిన్నిగారికి వస్తుంది. లాగిన్ అయిన మెయిల్‌ని మాత్రమే తీసుకోండి, మీ కొనుగోలుదారుల నంబర్లు తప్ప మిగతావన్నీ మూసేయండి, రోజుకి ఇన్ని పేజీలు అని హద్దు పెట్టండి. టోక్యోలో తొమ్మిదింటికి ఆఫీసు తెరిచేసరికి మనకి ఉదయం ఐదున్నర. క్యూని ఆ టైముకి డయల్ చేసేలా పెడితే, మీరు ఆఫీసుకి వచ్చేసరికి రసీదులు మెయిల్‌లో ఉంటాయి, తప్పినవి మళ్లీ పంపడానికి జపాన్‌లో ఇంకా పగలే ఉంటుంది.

ప్రస్తుతానికి సర్వీసు మార్చకండి. చేరలేదన్న మూడు నాలుగు ఫ్యాక్సుల రసీదు మెయిళ్లని పూర్తిగా, హెడర్లతో సహా తీయండి. అందులో ‘యాక్షన్’ అన్న గీతలో రిలేడ్ ఉందా డెలివర్డ్ ఉందా చూడండి. డెలివర్డ్ ఉంటే ఆ టైముకీ మీరు మెయిల్ పంపిన టైముకీ తేడా చూడండి: ఐదు పేజీల ఫ్యాక్స్ మూడు సెకన్లలో డెలివర్డ్ అయిందంటే అది ఫోన్ లైన్ ముట్టుకోకుండా రాసిన రసీదు. నంబర్లు, పేర్లు కొట్టేసి ఆ రసీదుల్ని ఇక్కడ పెట్టండి, సర్వీసు వాళ్లు టీ.30 లాగ్ ఇస్తే అది కూడా. ఏ పేజీ తర్వాత ఎమ్‌సీఎఫ్ రాలేదో చూసి మిగతాది చెబుతాను.